గోల్కొండ సమాధులు తెల్లగా ఎందుకయ్యాయి, అక్కడ ఏం చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళతో వెళ్ళినప్పుడు కుతుబ్ షాహీ సమాధులు నల్లగా, గంభీరంగా ఉండేవి. మొన్న పిల్లల్ని తీసుకెళ్తే కొన్ని గుంబజ్‌లు తెల్లగా, కొత్త ఫంక్షన్ హాల్‌లా కనిపించాయి, రిపేర్ పేరుతో పాడు చేశారా అని మొదటిది. అన్నీ ఒకేలా అనిపించి గంటలో బయటికొచ్చేశాం, అసలక్కడ చూడాల్సింది ఏంటి అని రెండోది. మూడోది మీ ఊళ్ళో ముత్తాత గారి సమాధి మండపం గురించి, అది సున్నం కట్టడం, పగుళ్ళొచ్చాయి, సిమెంట్ కొట్టిద్దామని మేస్త్రీ అంటున్నాడు, కొట్టించొచ్చా అని.

సూటిగా చెప్తా: పాడు చేయలేదు. నలుపు ఆ కట్టడాల అసలు రంగు కాదు. మీ మండపానికి మాత్రం సిమెంట్ అస్సలు కొట్టించకండి. మధ్యలో ప్రశ్నకి జవాబు పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను పాత కట్టడాల రిపేర్లు చూసే సివిల్ ఇంజనీర్‌ని, ఎక్కువగా సున్నం పని, పాత దేవిడీలు అంటే నవాబుల కాలం నాటి పెద్ద భవంతులు, మసీదులు, ఊళ్ళల్లో గుడి మండపాలు, సమాధులు. గోల్కొండ ప్రాజెక్టులో నేను పనిచేయలేదు కాబట్టి వాళ్ళ తరఫున వకాల్తా ఏమీ లేదు, కాకపోతే ఆ పని జరుగుతున్న రోజుల్లో వీలున్నప్పుడల్లా వెళ్ళి చూసేవాణ్ణి, ఈ పనిలో ఉన్నవాడికి అంతకంటే మంచి బడి ఇంకోటి ఉండదు.

ముందు నలుపు సంగతి. ఆ సమాధుల గోడలు ఈ చుట్టుపక్కల దొరికే గ్రానైట్ రాయి, సున్నం కలిపి కట్టినవి. మన గ్రానైట్ ఎంత మొండిదో తెలుసుగా, దాన్ని చెక్కి పువ్వులు, తామర రేకులు, సన్నటి తీగలు తీయాలంటే తరాలు పడుతుంది, పైగా గింజ పెద్దది కాబట్టి సన్నటి పని నిలబడదు కూడా. అందుకే గోల్కొండ వాళ్ళు తెలివిగా రాయిని లోపలికి తోసి, అలంకారం మొత్తం పైన గచ్చులో, అంటే సున్నపు పూతలో చేశారు. గుంబజ్ మొదట్లో చుట్టూ విచ్చుకున్న తామర రేకులు, పిట్టగోడ మీద వరసగా ఉండే ఆకు ఆకారాలు, మూలల్లో చిన్న చిన్న మినార్లు, వాటి మీద కట్టిన వలయాలు, కమానుల రెండు పక్కలా గుండ్రటి పతకాలు, ఇవన్నీ సున్నంతో చేతి పని, తడి మీద ఉండగా తాపీతో, చిన్న చిన్న పనిముట్లతో తీర్చింది. అంటే అక్కడి కళ అంతా ఆ పై పొరలోనే ఉంది. ఆ పొర పోతే మిగిలేది రాళ్ళ గుట్ట. ఇది ఒక్కటి అర్థమైతే మిగతా ప్రశ్నలకి జవాబులు వాటంతట అవే వస్తాయి.

మరి నలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? వానలకి తడిసి, ఎండకి ఆరి, మళ్ళీ తడిసి, గచ్చు మీద నాచు పట్టింది. వానాకాలంలో పచ్చగా ఉంటుంది, ఎండాకాలంలో చచ్చి నల్లగా అంటుకుపోతుంది, దాని మీద దుమ్ము, పొగ. పాత ఇంటి డాబా పిట్టగోడ ఎందుకు నల్లబడుతుందో ఇదీ అందుకే. మనం పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలాగే చూశాం కాబట్టి అదే దాని అందం అనుకున్నాం, నాకూ ఆ నల్లటి రూపం అంటే ఇష్టమే, సాయంత్రం పూట ఫోటోల్లో బ్రహ్మాండంగా వచ్చేది, కాదనను. కానీ కట్టినవాళ్ళు చూసింది అది కాదు. వాళ్ళు చూసింది నిగనిగలాడే సున్నపు గచ్చు, కొన్ని చోట్ల దాని మీద రంగురంగుల మెరుపు పలకలు, అంటే గ్లేజ్ టైల్స్. సుల్తానుల గుంబజ్‌ల మీద బంగారు కలశాలు పెట్టేవాళ్ళని కూడా చెప్తారు, రాజు సమాధి ఏదో కుటుంబంలో మిగతావాళ్ళది ఏదో దూరం నుంచే తెలియడానికి.

ఇంకో సంగతి, నల్లగా ఉన్నదంతా పాత గచ్చు కూడా కాదు. 20వ శతాబ్దంలో వేర్వేరు కాలాల్లో రిపేర్ల పేరుతో వాటి మీద సిమెంట్ కొట్టారు. చాలా చోట్ల మీరు చిన్నప్పుడు చూసిన నల్లటి పొర నాచు పట్టిన సిమెంటే. 2013లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ వాళ్ళు పని మొదలుపెట్టాక చేసిన అతి పెద్ద పని ఆ సిమెంట్‌ని ఊడదీయడం, ఊడదీసి మళ్ళీ సున్నం గచ్చు వేయడం. 2024 జూలైలో ఆ పని పూర్తయిందని లాంఛనంగా ప్రకటించారు. పదేళ్ళకు పైగా పట్టిందంటే జనం నోరెళ్ళబెడతారు గానీ, సున్నం పని తెలిసినవాడికి అందులో ఆశ్చర్యం లేదు.

సిమెంట్ వల్ల ఏమవుతుంది? సున్నం గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. దాని పని అది. సిమెంట్ పొర గట్టిగా, దట్టంగా ఉంటుంది, లోపలి తడిని త్వరగా బయటికి పోనివ్వదు. పైనుంచి పగుళ్ళలోంచి వాన నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావడానికి దారి ఉండదు, లోపలే నిలుస్తాయి. ఆ నీళ్ళలో కరిగిన ఉప్పు సిమెంట్ వెనకాల గడ్డకట్టి, గట్టిపడే కొద్దీ పొరని బయటికి తోస్తుంది. చివరికి సిమెంట్ పెచ్చు ఊడినప్పుడు ఒంటరిగా ఊడదు, దాని వెనకాల 400 ఏళ్ళ నాటి గచ్చుని కూడా పట్టుకుని పడిపోతుంది. తామర రేకు మీద సిమెంట్ కొడితే ఆ రేకు ఇక మనకి దక్కనట్టే.

పాతబస్తీలో ఒక దేవిడీ పని చూశాను. కింద గోడకి చెమ్మ వస్తోందని ఎవరో అంతకుముందు మోకాలెత్తు వరకు సిమెంట్ ప్లాస్టర్ చేయించారు. సిమెంట్ ఉన్నంత మేరా పైకి బాగానే కనిపించింది, ఇంటివాళ్ళు సంతోషించారు కూడా. తర్వాత దాని పైన ఇంకో మూడు అడుగుల మేర గోడ ఉబ్బి, పొడి రాలడం మొదలైంది. చెమ్మ ఎక్కడికీ పోలేదు, కింద దారి మూసేశారు కాబట్టి పైకెక్కింది, అంతే. ఆ సిమెంట్ తీయించి, ఎండబెట్టి, సున్నం వేయించడానికి అయిన ఖర్చు మొదటి రిపేర్ కంటే చాలా ఎక్కువ.

సున్నం పని ఎలా ఉంటుందంటే, కాల్చిన సున్నపు రాళ్ళని నీళ్ళ తొట్లో వేసి చల్లార్చాలి, అప్పుడు కుతకుత ఉడుకుతుంది, దగ్గరికి పోకూడదు, కళ్ళు పోతాయి. తర్వాత దాన్ని వారాలూ నెలలూ నీళ్ళ కింద మాగనివ్వాలి, ఎంత మాగితే అంత మెత్తగా వెన్నలా వస్తుంది. ఇసుక, ఇటుక పొడి అంటే సుర్ఖీ కలిపి గానుగలో నూరాలి. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు, మారేడు పండు గుజ్జు, ఇలా ఒక్కో మేస్త్రీ కుటుంబానికి ఒక్కో పాకం ఉంటుంది, ఎవడి పాకం వాడికి గొప్ప, పక్కవాడిది తప్పు. ఒకేసారి మందంగా వేయకూడదు, పలచగా పొర మీద పొర, ప్రతి పొరనీ కొట్టి బిగించాలి, తడిగోనె కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ మెల్లగా మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది, దీనికి నెలలు, మందమైన చోట ఏళ్ళు కూడా పడుతుంది. సిమెంట్‌కి అలవాటుపడ్డ కాంట్రాక్టర్ దగ్గర ఇంత ఓపిక ఉండదు.

కాబట్టి ఇప్పుడు మీకు కనిపించే తెలుపు కొత్తగా వేసిన సున్నం. కొన్ని వానలు పడితే దాని పచ్చిదనం తగ్గి లేత గోధుమ రంగులోకి, బూడిద రంగులోకి దిగుతుంది. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే మళ్ళీ నల్లబడుతుంది కూడా.

అయితే మీ అనుమానంలో అర్థం లేదని మాత్రం అనను. ఈ రంగంలోనే రెండు వాదనలున్నాయి. రాలిపోయిన అలంకారాన్ని పక్కన మిగిలిన నమూనా చూసి మళ్ళీ చేయొచ్చు అనేవాళ్ళు ఒకవైపు, ఉన్నదాన్ని పడిపోకుండా ఆపండి, పోయినదాన్ని పోనివ్వండి, లేకపోతే ఏది పాతదో ఏది కొత్తదో జనానికి తెలియకుండా పోతుంది అనేవాళ్ళు ఒకవైపు. నా అభిప్రాయం అడిగితే, వరసలో నలభై రేకులుండి మూడు రాలితే ఆ మూడూ చేయడం తప్పు కాదు, ఎందుకంటే నీళ్ళు అక్కడే దిగుతాయి, పైగా నమూనా కళ్ళ ముందే ఉంది. కానీ ఒక గోడ మీద ఏముండేదో ఎవరికీ తెలియనప్పుడు ఊహించి చేయడం నాకు నచ్చదు. మెరుపు పలకల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే పాత పలక పక్కన కొత్త పలక పెడితే చూసేవాడి కన్ను కొత్తదాని మీదకే పోతుంది.

సరే, ఇక చూడటం గురించి. మీకు అన్నీ ఒకేలా కనిపించాయంటే బహుశా ముందు పెద్దవాటి దగ్గరికి వెళ్ళి ఉంటారు, అందరూ అదే చేస్తారు. నేనైతే వయసు వరసలో చూడమంటాను. ఆ 106 ఎకరాల్లో 40 దాకా సమాధులు, 20కి పైగా మసీదులు, దిగుడు బావులు, స్నానశాల ఉన్నాయి, అన్నీ ఒక్కపూటలో అవ్వవు, ఈ కింద చెప్పినవి చూస్తే చాలు.

మొదట సమాధి దగ్గరికి కాదు, హమామ్ దగ్గరికి, అంటే ఆ స్నానశాలకి వెళ్ళండి. రాజు చనిపోతే పూడ్చే ముందు స్నానం చేయించేది అక్కడే. మధ్యలో వేదిక ఉంటుంది, నల్లరాయి పొదిగిన పన్నెండు కోణాల నక్షత్రం, ఆ పన్నెండూ పన్నెండు మంది ఇమాములకి గుర్తు, కుతుబ్ షాహీలు షియాలు కదా. వేడి నీళ్ళు, చన్నీళ్ళు వచ్చే దారులు, నీళ్ళు పోయే కాలువలు చూడండి. ఒక మనిషి పోయాక వరసగా ఏం జరిగేదో తెలిస్తే ఆ తర్వాత సమాధులు వేరేలా కనిపిస్తాయి.

తర్వాత సుల్తాన్ కులీ సమాధి. వంశ స్థాపకుడు, 1518లో మొదలుపెట్టాడు, 1543లో హత్యకి గురయ్యాడు, చేయించింది కొడుకు జంషీదే అంటారు. బతికుండగానే తన సమాధి తనే కట్టించుకున్నాడు. చిన్నది, సాదాగా ఉంటుంది, చుట్టూ తిన్నె మీద ఇంకా బోలెడు సమాధులు, కానీ అక్షరాలున్నది ఆయన రాయి మీద మాత్రమే. అందులో ఆయన్ని బడే మాలిక్ అని రాశారు, దక్కనులో జనం ఆయన్ని పిలుచుకున్న పేరు అది. గుంబజ్ చూడండి, తర్వాత వచ్చినవాటిలాగా ఉబ్బి ఉండదు.

పక్కనే జంషీద్ది. ఇది ఎనిమిది మూలలది, రెండు అంతస్తులు, మిగతా రాజులవాటిలో దేనికీ పోలిక లేదు. తండ్రిని చంపించాడన్న పేరు మోసి, ఏడేళ్ళు ఏలి 1550లో పోయాడు. రాజుల సమాధులకి మామూలుగా ఉండే నల్లరాయి పెట్టె, దాని మీద చెక్కిన పేరు, తేదీ ఇక్కడ ఉండవు. ఎందుకని గైడ్లు రకరకాల కథలు చెప్తారు, సరదాగా వినండి, నమ్మాల్సిన పనిలేదు.

ఇబ్రహీం దగ్గర తెలుగువాళ్ళం కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఈయన అన్నకి భయపడి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నాడు, తిరిగొచ్చి రాజయ్యాడు, 1565లో అదే రామరాయల మీద యుద్ధానికి మిగతా సుల్తానులతో కలిశాడు. మన కవులు మల్కిభరాముడు అని పొగిడింది ఈయన్నే, అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఈయనకే. 1580లో పోయాడు. సమాధికి దక్షిణం గోడ దగ్గర నిలబడి ఓపిగ్గా వెతకండి, మెరుపు పలకల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు ఎలా మెరిసేదో అని ఊహించుకోవడానికి అవి చాలు. అలాంటి పని నిండుగా చూడాలంటే పాతబస్తీలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకి వెళ్ళండి, మొహర్రంలో షియాలు సంతాపం పాటించే చోటు అది, 1594లో కట్టింది, పలకల పని ఆ తర్వాత చేశారు.

ఇప్పుడు మహమ్మద్ కులీ, చార్మినార్ కట్టించినాయన. ఇది అన్నిటికంటే పెద్దది, దాదాపు 42 మీటర్ల ఎత్తు. ఎత్తైన తిన్నె, దాని మీద ఇంకో తిన్నె, సన్నటి రాతి స్తంభాల వరండాలు. చాలామంది పైన హాల్లో రాయి చూసి వెళ్ళిపోతారు. అసలు సమాధి కింద నేలమాళిగలో ఉంది, పైనున్నది గుర్తు కోసం పెట్టింది. కింద శరీరం, పైన దాని గుర్తు, ఇది ఇక్కడ ఒక్కచోటే కాదు, తాజ్ మహల్‌లో కూడా ఇంతే.

నల్లరాయి మీద రాత దగ్గర తప్పకుండా ఆగండి, నా లెక్కలో గచ్చు తర్వాత అక్కడి రెండో గొప్ప కళ ఇదే. రాజుల సమాధి రాళ్ళు మెట్లు మెట్లుగా పైకి చిన్నవవుతూ పోతాయి, నునుపు పట్టించిన నల్ల బసాల్ట్. గోల్కొండ గుట్టలన్నీ గ్రానైట్, బసాల్ట్ కావాలంటే ఇక్కడి నుంచి పడమటికి, వికారాబాద్, జహీరాబాద్ వైపు పోవాలి. అంత శ్రమ ఎందుకంటే ఈ రాయి గింజ చాలా సన్నం, అంచు తెగకుండా అక్షరం నిలుస్తుంది, అద్దంలా నునుపు తేలుతుంది. అక్షరాన్ని లోతుగా తవ్వలేదు చూడండి, చుట్టూ ఉన్న రాయిని తీసేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టారు. ఒక్క దెబ్బ తప్పితే మొత్తం పంక్తి పోయినట్టే. మాకు అరబీ రాదు కదా ఏం చూస్తాం అనకండి, నిలువు గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి, అడుగున వంపులు ఒకదాంట్లోంచి ఒకటి దూరుతూ పోవడం కళ్ళకే తెలుస్తుంది. చెక్కింది ఎక్కువగా ఖురాన్ వాక్యాలు, రాజు పేరు, పోయిన తేదీ.

పిల్లలకి ఒక ఆట చెప్పండి. సమాధి రాయి పైన పొడుగ్గా, కలందాన్ అంటే కలాల పెట్టె ఆకారంలో గట్టు ఉంటే సాధారణంగా మగవాళ్ళది, చదునుగా పలకలా ఉంటే ఆడవాళ్ళది. అన్నిచోట్లా ఇది పనిచేయదు, కొన్ని రాళ్ళు మారిపోయాయి, పగిలిపోయాయి, అయినా పిల్లలు ఆ తిన్నెల మీద పరుగులు మానేసి ఒక్కో రాయినీ చూడటం మొదలుపెడతారు. ఇంకోటి, అన్నీ ఉత్తర దక్షిణాలుగా ఎందుకున్నాయో అడగండి. తల ఉత్తరానికి పెట్టి, కుడిపక్కకి తిప్పి పడుకోబెడితే ముఖం పడమటికి, కాబా వైపుకి ఉంటుంది. పక్కనున్న మసీదులో మిహ్రాబ్, అంటే నమాజు దిక్కు చూపే గూడు కూడా అటే ఉంటుంది, దిక్సూచి లేకుండానే దిక్కులు తెలిసిపోతాయి.

హయాత్ బక్షీ బేగం సమాధిని దాటేయకండి. మహమ్మద్ కులీ కూతురు, మహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా తల్లి, ముగ్గురి హయాంలోనూ చక్రం తిప్పింది. 1667లో పోయింది. పక్కనే ఉన్న పెద్ద మసీదు మొత్తం ఆవరణలో గచ్చు పనికి నేను మొదటి మార్కు వేస్తాను. దాని పిట్టగోడ, మినార్లు, ఒక్క అంగుళం ఖాళీ వదల్లేదు. నాకు కొంచెం ఎక్కువైందేమో అని కూడా అనిపిస్తుంది, ఇబ్రహీం కాలం నాటి ఒద్దిక దీంట్లో లేదు, వంశం చివరికొచ్చే కొద్దీ డబ్బు, నగిషీ రెండూ పెరిగాయి. భర్త మహమ్మద్ కుతుబ్ షా 1626లో పోయాడు, ఆయన సమాధికి కూడా ఒకప్పుడు రంగు పలకలు ఉండేవి.

1672లో పోయిన అబ్దుల్లా కాలానికి సంబంధించి నాకు ఇష్టమైనవి రాజులవి కావు. ఆయన ఆస్థాన హకీములు ఇద్దరికి జంట సమాధులున్నాయి, రాజవంశం కానివాళ్ళకి ఆ ఆవరణలో చోటు దొరకడం చిన్న విషయం కాదు. తారామతి, ప్రేమామతి సమాధులు కూడా ఉన్నాయి, ఆటపాటలతో దర్బారులో పేరు తెచ్చుకున్నవాళ్ళు. కర్ణాటక యుద్ధాలు చేసిన సేనాపతి నెక్నామ్ ఖాన్‌కి కూడా ఆవరణలోనే, ఇబ్రహీం సమాధి బయట తిన్నె మీద స్థలం ఇచ్చారు.

ఇక చివరి రాజు తానీషా అక్కడ లేడు. రామదాసు కథ తెలిసినవాళ్ళు ఎవరైనా ముందు అడిగేది ఆయన సమాధి ఎక్కడని. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాక ఆయన్ని దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు, అక్కడే పోయాడు, ఖుల్దాబాద్‌లో పూడ్చారు. అందుకే ఇక్కడ వరస అబ్దుల్లా దగ్గర ఆగిపోతుంది. గుంబజ్ లేకుండా సగంలో వదిలేసిన కట్టడం ఒకటి కనిపిస్తుంది, దాని దగ్గర ఒక ఐదు నిమిషాలు గడపండి, ఎందుకంటే గచ్చు వేయకముందు లోపలి రాయి, సున్నం ఎలా ఉంటాయో, ఏ క్రమంలో కట్టుకుంటూ పోయేవాళ్ళో అక్కడ విప్పి పెట్టినట్టు తెలుస్తుంది.

ఒకప్పుడు ఇది ఇప్పట్లా నిశ్శబ్దంగా ఉండే చోటు కూడా కాదు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ రాశాడు, రోజూ సాయంత్రం నాలుగింటికి ఇక్కడికొచ్చిన బీదవాళ్ళందరికీ రొట్టె, పులావ్ పెట్టేవాళ్ళని, పండగ రోజుల్లో సమాధుల నిండా ఖరీదైన తివాచీలు పరిచేవాళ్ళని. ఇవన్నీ నడవాలంటే వంటకి, తోటలకి, నమాజుకి ముందు చేసే వజూకి నీళ్ళు కావాలి, అన్ని దిగుడు బావులు అందుకే. బడీ బావి ఒక పక్క 2013 వానలకి కూలిపోయింది, దాన్ని మళ్ళీ నిలబెట్టారు, నీళ్ళు నిలుస్తున్నాయి. గోల్కొండ దిగుడు బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది.

వెళ్ళే వేళ: పొద్దున్నే గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ. నడినెత్తిన ఎండ ఉంటే గచ్చు పని మొత్తం చదునుగా, తెల్లగా కొట్టేసినట్టు కనిపిస్తుంది, మీరు మిట్టమధ్యాహ్నం వెళ్ళారేమో అని నా అనుమానం. ఏటవాలు వెలుగులో ప్రతి రేకుకీ నీడ పడుతుంది, అప్పుడు కనిపిస్తుంది చేతి పని. ఫోన్ టార్చ్ గోడకి ఆనించినట్టుగా పక్క నుంచి వేసి చూసినా తెలుస్తుంది, లోపల గదుల్లో నేను అదే చేస్తాను. గచ్చుని చేత్తో తడమొద్దు, చేతి జిడ్డుకి మచ్చలు పడతాయి. గోడల మీద పేర్లు గీకేవాళ్ళ గురించి నేను మాట్లాడితే బూతులొస్తాయి కాబట్టి వదిలేస్తున్నా.

ఈ రుచి పట్టిందంటే తర్వాత సంతోష్‌నగర్ వైపు పైగా సమాధులకి వెళ్ళండి. అక్కడ పెద్ద గుంబజ్‌లేవీ ఉండవు, 18వ శతాబ్దం చివర మొదలైన అమీర్ల కుటుంబం సమాధులు, పాలరాయి, జాలీ పని, గచ్చులో అంత సన్నటి పని హైదరాబాద్‌లో ఇంకెక్కడా నేను చూడలేదు.

ఇక మీ మండపం సంగతి. చూడకుండా చెప్తున్నాను కాబట్టి అందరికీ వర్తించేవే చెప్తా.

పగులుకి మందు వేసే ముందు పగులు ఎందుకొచ్చిందో చూడండి. పది మండపాల్లో ఆరేడింటికి కారణం రావి మొక్కో, జువ్వి మొక్కో. పిట్ట రెట్టతో విత్తనం పడి పైకప్పు సందులో మొలుస్తుంది. దాన్ని పట్టుకుని లాగొద్దు, లాగితే వేరుతో పాటు రాళ్ళూ కదులుతాయి. మొదలు దగ్గర కోసి, మొదట్లో రంధ్రం చేసి మందు పోసి, చచ్చి ఎండాక వచ్చినంత మేర తీసి, ఖాళీని పలచటి సున్నం పాలతో నింపాలి. రెండో కారణం పైకప్పు మీద నీళ్ళు నిలవడం, వాలు సరిచేసి నీళ్ళు బయటికి పోయే గొట్టం పెడితే సగం జబ్బు పోతుంది. మూడోది పునాది కుంగడం, అదైతే మేస్త్రీతో అయ్యే పని కాదు, ఇంజనీర్ వచ్చి చూడాలి.

సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, గుడి పనులు చేసేవాళ్ళని అడగండి, దొరుకుతారు. బస్తాలో వచ్చే పొడి సున్నం నేరుగా కలిపి కొడతానంటే వద్దనండి, కనీసం కొన్ని వారాలు తొట్లో మాగిన సున్నం కావాలి. ఒక వంతు సున్నానికి మూడు వంతులు మట్టి లేని ఇసుక, తడి తగిలే చోట ఇసుకలో కొంత తగ్గించి సుర్ఖీ. బెల్లం తక్కువే వేయించండి, ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమవుతుంది, చీమలు పడతాయి. వానాకాలంలో పని పెట్టుకోవద్దు, మండుటెండల్లో కూడా వద్దు, దసరా దాటాక మొదలుపెడితే సంక్రాంతికి ముగించొచ్చు. పైన ఆయిల్ పెయింట్, ప్లాస్టిక్ ఎమల్షన్ లాంటివి వేయకండి, అవి కూడా సిమెంట్ లాగే తడిని లోపల బంధిస్తాయి, రెండు మూడు పూతలు వెల్ల వేస్తే చాలు.

ఇప్పటికే ఎక్కడైనా సిమెంట్ వేసి ఉంటే అది గట్టిగా అతుక్కుని ఉన్నచోట సుత్తి, ఉలితో కొట్టించొద్దు, దానికింద పాత గచ్చు కూడా పోతుంది. వేలితో తట్టి చూడండి, డొల్లగా మోగితేనే తీయాలి, అది కూడా అంచు నుంచి కొంచెం కొంచెంగా.

వీలైతే ఫోటోలు పెట్టండి. పైకప్పు మీది నుంచి ఒకటి, నాలుగు వైపుల నుంచి నాలుగు, పగులు దగ్గర రూపాయి బిళ్ళ ఆనించి తీసింది ఒకటి. పగులు పైన వెడల్పుగా ఉందా కింద వెడల్పుగా ఉందా అన్నది కూడా రాయండి, దాన్ని బట్టే పునాది కుంగిందా లేదా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.